ఎం.ప్రభాకర్ రెడ్డి

మందాడి ప్రభాకర్ రెడ్డి (అక్టోబర్ 8, 1935 - నవంబర్ 26, 1997) ప్రముఖ తెలుగు సినిమా నటుడు, కథారచయిత. వృత్తిరీత్యా వైద్యుడు. తెరపై ఎక్కువగా ప్రతినాయకుడిగా కనిపించిన ఈయన, రచయితగా మాత్రం సంసారాలలోని ప్రేమను, వంచనను కథావస్తువులుగా స్వీకరించాడు.

బాల్యం, విద్య

ప్రభాకర్ రెడ్డి నాటి నల్గొండ జిల్లా తుంగతుర్తిలో లక్ష్మారెడ్డి, కౌసల్య దంపతులకు జన్మించాడు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ గ్రామం కోదాడతో పాటు సూర్యాపేట జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. ఈయన బాల్యంలో ఈ ప్రాంతమంతా తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి (1946-51) కేంద్రం. సూర్యాపేటలో ఉన్నత పాఠశాల చదువు, హైదరాబాదు సిటీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్యవిద్య అభ్యసించాడు.

నటుడిగా

గుత్తా రామినీడు దర్శకత్వం వహించిన చివరకు మిగిలేది (1960) ఈయన తొలి చిత్రం. ఆ తరువాత నాలుగు వందలకు పైగా చిత్రాలలో నటించాడు. యువతరం కదిలింది, పల్లె పిలిచింది చిత్రాలలో నటనకు నంది పురస్కారాలు లభించాయి. భూమికోసం (1974) చిత్రంతో పరిచయమైన లలితారాణికి జయప్రద అని పేరు పెట్టింది ఈయనేనని చెబుతారు.

కథారచయితగా

ఈయన కథ అందించిన పండంటి కాపురం (1972) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఉమ్మడి కుటుంబంపై పగబట్టిన రాణి మాలినీదేవిగా జమున నటన ఆ చిత్రానికి ప్రాణం. ఇది హిందీలో సునెహ్రా సంసార్ (1975)గా పునర్నిర్మితమైంది.

దాంపత్యంలోని వంచనను ఈయన సూటిగా స్పృశించిన కథ కార్తీకదీపం (1979). దర్శకుడు లక్ష్మీదీపక్. భర్తగా శోభన్ బాబు, భార్యగా శారద, అతని జీవితంలోని మరొక స్త్రీగా శ్రీదేవి నటించారు. హిందూ వివాహ చట్టం 1955లోనే ద్విభార్యాత్వాన్ని నిషేధించినా, ఇద్దరు స్త్రీల మధ్య నలిగే కథానాయకుడు తెలుగు తెరను విడిచిపోలేదు; శోభన్ బాబుకు అటువంటి పాత్రలు పెట్టింది పేరు. అయితే ఆనాటి అనేక చిత్రాలలో రెండవ స్త్రీ కాపురాలు కూల్చే మాయలాడి. ఇక్కడ అలా కాదు. భార్య ఎంత నిర్దోషియో ఆమె కూడా అంతే, దాపరికమంతా పురుషునిది. దేవులపల్లి కృష్ణశాస్త్రి రచించిన దీపం పాటను పి.సుశీల, ఎస్.జానకి కలిసి పాడారు. ఒకే పురుషుని కోసం ఇద్దరు స్త్రీల ప్రార్థన వినిపించే ఆ పాటలోనే కథ సారమంతా ఉంది. అయినా తప్పు చేసిన భర్తపై ప్రేక్షకులకు కోపం కన్నా జాలి ఎక్కువగా కలగడం ఈ కథలోని బలహీనత అనవచ్చు. ఈ చిత్రానికి శోభన్ బాబు ఫిలింఫేర్ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నాడు. దీని హిందీ రూపం మాంగ్ భరో సజనా (1980)లో జితేంద్ర, రేఖ, మౌసమీ చటర్జీ నటించారు.

పచ్చని సంసారం, గృహప్రవేశం, ధర్మాత్ముడు, నాకు స్వతంత్రం వచ్చింది ఈయన ఇతర కథలలో కొన్ని.

చిత్రపురి

చిత్రపరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన కాలంలో సినీ కార్మికుల నివాసాల కోసం ఈయన కృషి చేశాడు. మణికొండలో తన భూమిని వారికి ఇచ్చాడు. ఈయన మరణానంతరం అక్కడి కార్మికుల కాలనీకి డాక్టర్ ఎం.ప్రభాకర్ రెడ్డి చిత్రపురి అని పేరు పెట్టారు.