దాక్షారామ మహనీయులు శ్రీ మల్లికార్జున పండితారాధ్యులు

గౌతమీ తీరమునకు అనతిదూరమున, పచ్చని వరిచేల నడుమ వెలసిన దాక్షారామమున భీమేశ్వరస్వామి లింగము రెండంతస్తుల యెత్తు గలది. క్రింది అంతస్తున మూలమును దర్శించిన భక్తుడు మెట్లెక్కి పైకి పోయినగాని శిరోభాగమును దర్శింపజాలడు. పంచారామములలో నొకటియైన ఈ క్షేత్రమున, క్రీస్తుశకము 12వ శతాబ్దమున, అరచేత నిమిడెడు ఇష్టలింగమునకు తమ సర్వస్వమును అర్పించిన మహనీయులొకరు జన్మించిరి. వారే మల్లికార్జున పండితారాధ్యులు.

తండ్రి భీమనపండితుడు, తల్లి గౌరాంబ. వారిది వేదవేదాంగములు కులవిద్యగా గల శైవబ్రాహ్మణ వంశము. గౌతమీ తీరముననే యున్న కోటిపల్లి క్షేత్రమునకు చెందిన ఆరాధ్యదేవులు వారికి గురువులు. ఆ గురువుల వలన దీక్ష గైకొన్నది మొదలు లింగధారణము, భస్మరుద్రాక్షలు, పంచాక్షరీ జపము వారి నిత్యజీవితమైనవి. శ్రీపతిపండితులు, మంచనపండితులు, మల్లికార్జునపండితులు అను మువ్వురిని పండితత్రయమని ఆంధ్రదేశ శైవులు నేటికిని స్మరించుచున్నారు. శ్రీశైల సూర్యసింహాసనమునకు మూలపురుషులుగా పంచాచార్య సంప్రదాయమున పూజింపబడు జగద్గురు పండితారాధ్యులు వేరు, ఈ దాక్షారామ పండితులు వేరు. నామసామ్యము వలన ఇరువురిని ఒకరిగా తలచుట కలదు.

పండితారాధ్యుల జీవితము మనకు తెలియుటకు ముఖ్యాధారము పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము. బసవపురాణమును రచించిన పిదప సోమనాథుడు ఈ గ్రంథమును కూడ ద్విపదలోనే చెప్పి, దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వతములను ఐదు ప్రకరణములుగా విభజించెను. అది భక్తకవి రచన. అందు మహిమలును గలవు, మానవ చరిత్రమును గలదు. రెంటిని వేరుచేయుట అంత సులభము కాదు. అయినను పండితుల మనస్సు ఎట్టిదో గ్రహించుటకు వారి స్వీయగ్రంథమే మనకున్నది. అది శివతత్త్వసారము.

శివతత్త్వసారము కందపద్యముల గ్రంథము. నేడు దాదాపు 490 పద్యములు లభించుచున్నవి. సంస్కృతమున శాస్త్రచర్చ చేయగల పండితుడు తన మతసిద్ధాంతమును తెనుగున చెప్ప పూనుకొనుటయే ఆ కాలమున గొప్ప సాహసము. పద్యము పద్యమున శివుని సంబోధించుచు, ఎదుట నున్న స్వామితో మాటలాడుచున్నట్లు సాగిన రచన అది.

కర్మము వలన జన్మ, జన్మ వలన మరల కర్మము, ఈ చక్రము నుండి విడివడుట మోక్షము అని మన దేశమున పెక్కు దర్శనములు అంగీకరించినవి. ధర్మార్థకామములకు పైదిగా మోక్షమును నాల్గవ పురుషార్థముగా నిలిపినది అందులకే. వివాదమంతయు దానికి పోవు దారిని గురించియే. మీమాంసకులు కర్మమునకు ప్రాధాన్యమిచ్చిరి. అద్వైతులు జ్ఞానమే చాలునని, జీవుడును బ్రహ్మమును ఒక్కటేయని చెప్పిరి. పండితారాధ్యులు తానే పరబ్రహ్మమను వాదమును గట్టిగా ఖండించిరి. జగత్తు కార్యమైనచో దానికొక కర్త యుండవలెను. ఆ కర్త శివుడు. జీవుడు ఆయనకు భక్తుడు. దాస్యము లేని జ్ఞానమును వారు మెచ్చలేదు. శివభక్తి కలవాడు ఏ కులమున పుట్టినను పూజ్యుడే యని కూడ వారు బోధించిరి.

ఇచ్చటనే వారి జీవితములోని చిక్కుముడి యున్నది. అదే కాలమున కల్యాణమున బసవేశ్వరులు యజ్ఞోపవీతమును త్యజించి, అన్ని కులముల శరణులను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టుచుండిరి. బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకును సమగార హరళయ్య కుమారునకును జరిగిన వివాహము ఆ నగరమును కుదిపివేసినది. పండితారాధ్యులు లింగమును ధరించిరి, జన్నిదమును విడువలేదు. భక్తిపై మక్కువ యున్నది గాని బ్రాహ్మణ్యముతోడి పొత్తు తెంచుకొనజాలకున్నానని బసవలింగమునకు వారు విన్నవించుకొన్నట్లు పరంపరాగతముగా ప్రసిద్ధి. భక్తునకు కులము లేదని చెప్పిన వారే తమ కులమును వదలలేకపోవుట లోపమని కొందరందురు. కాని ఆ లోపమును దాచక, తాము దర్శింపగోరిన మహాత్ముని ముందే ఒప్పుకొన్నవారెందరు? వేదము నుండి ఒక చేయి, శరణుల నుండి ఒక చేయి వదలక నిలిచిన వారి మార్గమే ఆరాధ్య సంప్రదాయమైనది. జంగమ సంప్రదాయమునకును దానికిని నేటివరకు గల దగ్గరతనము, దూరము రెండును అచ్చట మొదలైనవే.

వాదప్రకరణములోని చందవోలు కథ కఠినమైనది. వెలనాటి చోళుని ఆస్థానమున పండితులు బౌద్ధాచార్యునితో వాదించి గెలిచిరి. ఆ కాలమున ఆంధ్రమున బౌద్ధము పూర్తిగా అంతరించలేదు. 1182లో కోట కేతరాజు అమరేశ్వరునకు దానములిచ్చి, ధాన్యకటక బుద్ధునకును ఇచ్చినట్లు అమరావతి శాసనము చెప్పుచున్నది. ఓడిన బౌద్ధుడు పండితుల శిష్యుల చేతిలో హతుడయ్యెననియు, రాజు కోపించి పండితుల కన్నులు తీయించెననియు, శివానుగ్రహమున అవి మరల వచ్చెననియు సోమనాథుని కథనము. కన్నులు తిరిగివచ్చుట భక్తులకు ప్రియమైన ఘట్టము. వాదమున ఓడినవాని ప్రాణము తీయుట మాత్రము, దయయే ధర్మమునకు మూలమని నేర్పిన బసవేశ్వరుల దారికి చేరదు. మతావేశము నిండిన ఆ శతాబ్దపు నీడ అది.

తుదకు పండితారాధ్యులు బసవేశ్వరులను కన్నులార చూడవలెనని శిష్యులతో కల్యాణమునకు పయనమైరి. శాస్త్రము విడిపించలేని ముడిని ఆ దర్శనము విడిపించునని ఆశించిరేమో! కాని 1167 ప్రాంతమున కల్యాణము అల్లకల్లోలమైనది, బిజ్జలుడు హతుడయ్యెను, బసవేశ్వరులు కూడలసంగమమున లింగైక్యమొందిరి. ఆ వార్త పండితులకు మార్గమధ్యముననే తెలిసినది. అంతటి వాదిసింహము పసిబిడ్డవలె విలపించెనట.

వారు మరల దాక్షారామమునకు పోలేదు. తమ నామమునకు మూలమైన మల్లికార్జునుని సన్నిధికి, శ్రీశైలమునకు దారిపట్టిరి. సోమనాథుడు పర్వతప్రకరణమున ఆ యాత్రికుల గుంపులను, వారి పాటలను, ఆటలను, కొండదారి కష్టములను కన్నులకు కట్టినట్లు వర్ణించెను. ఆ జనసమూహములో దాక్షారామ పండితులును, పేరు తెలియని భక్తులును కలిసి నడచిరి. మహాశివరాత్రినాడు పండితారాధ్యులు అచ్చట లింగైక్యమొందిరి.