కంచెర్ల గోపన్న

కంచెర్ల గోపన్న (17వ శతాబ్దం) భద్రాచలంలో సీతారామచంద్రస్వామి ఆలయాన్ని నిర్మించిన భక్తుడు, వాగ్గేయకారుడు. భక్త రామదాసుగా, భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడు. ప్రభుత్వ ఖజానాకు చెందవలసిన శిస్తు సొమ్మును ఆలయానికి వెచ్చించాడన్న అభియోగంపై ఈయన గోల్కొండ కోటలో చెరసాల అనుభవించాడు.

జననం, కుటుంబం

గోపన్న 1620 ప్రాంతంలో నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు కామాంబ, లింగన్న మంత్రి. భార్య కమలమ్మ. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672-1687) కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఈయన మేనమామలని ప్రసిద్ధి. కబీరుదాసు ఈయనకు రామ తారక మంత్రాన్ని ఉపదేశించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కాని సుప్రసిద్ధుడైన సంత్ కబీరు 15వ శతాబ్దికి చెందినవాడు కనుక వీరిద్దరి కాలాలు కలవవు.

అడవిలో ఆలయం

మేనమామల పలుకుబడితో గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు అయ్యాడు. శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం ఈయన బాధ్యత. గోదావరి తీరంలోని ఈ అడవులు దండకారణ్యంలో భాగమని స్థానికుల విశ్వాసం. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉన్న పర్ణశాలను సీతాపహరణం జరిగిన చోటుగా భావిస్తారు. మహారాష్ట్రలో నాసిక్ వద్ద ఉన్న పంచవటి గురించి కూడా ఇదే విశ్వాసం ఉంది.

భద్రుడనే ముని తపస్సు వలన భద్రగిరి రామునికి నెలవైనదని స్థలపురాణం చెబుతుంది. పోకల దమ్మక్క అనే భక్తురాలు ఆ కొండపై పుట్టలో విగ్రహాలను కనుగొని, పందిరి వేసి పూజించిందని ప్రతీతి. ఆ పందిరి ఉన్న చోటనే గోపన్న రాతి ఆలయాన్ని తలపెట్టాడు.

వివాదం

ఆలయానికి ప్రజలు విరాళాలు ఇచ్చారని, అవి చాలకపోగా పంట చేతికి వచ్చాక తీరుస్తామని వారే చెప్పడంతో గోపన్న శిస్తు సొమ్మును వాడాడని ఒక కథనం. సుల్తాను అనుమతి లేకుండా వాడాడన్నది అభియోగం. ఖర్చయిన మొత్తం ఆరు లక్షల వరహాలని సంప్రదాయం చెబుతుంది.

ఈ వివాదాన్ని కేవలం మతపరమైనదిగా చూడటం సరికాదు. తానీషా కొలువులో ఉన్నత పదవులలో హిందువులు ఉండేవారు. గోల్కొండ రాజ్యం 1636 నుండి మొగలులకు కప్పం కట్టవలసి ఉన్నందున ఖజానాకు రావలసిన ప్రతి పైకమూ ముఖ్యమే. పుణ్యకార్యమైనా ప్రభుత్వ ధనాన్ని ఒక అధికారి తన ఇచ్ఛ మేరకు వెచ్చించవచ్చునా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

చెరసాల, కీర్తనలు

గోపన్న 12 సంవత్సరాలు చెరలో ఉన్నాడని చెబుతారు. ఈయన బందీగా ఉన్నదని చెప్పే గదిని, అందులో గోడపై ఈయన చెక్కినవిగా చెప్పే దేవతామూర్తులను నేటికీ గోల్కొండలో చూడవచ్చు. ఇక్ష్వాకు కులతిలక అనే కీర్తనలో ఈయన ప్రాకారానికి పదివేల వరహాలు పట్టిందంటూ, చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కగట్టి రాముని నిలదీస్తాడు. ఖజానాకు చెప్పవలసిన లెక్కను దేవునికే అప్పగించిన తీరు ఇందులో కనిపిస్తుంది. దాశరథీ శతకం కూడా ఈయన రచనే.

రామలక్ష్మణులు సేవకుల రూపంలో వచ్చి తానీషాకు పైకం చెల్లించి విడిపించారని భక్తుల విశ్వాసం. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది.

తరువాతి కాలం

త్యాగరాజు తన రచనలలో రామదాసును భక్తితో స్మరించాడు. శ్రీరామనవమి కళ్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం తానీషాతో మొదలైందని ప్రసిద్ధి. ఈ ఆచారాన్ని నేటికీ రాష్ట్ర ప్రభుత్వం పాటిస్తున్నది.

1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలం ఆ తరువాత ఖమ్మం జిల్లాలో చేరింది. 2014 రాష్ట్ర విభజన సమయంలో ఇది ఏ రాష్ట్రానికి చెందాలన్న వివాదం తలెత్తింది. ఆలయం ఉన్న పట్టణం తెలంగాణలో ఉండగా, సమీప పురుషోత్తపట్నంలోని ఆలయ భూములు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. ఒకనాడు శిస్తు లెక్కలపై సాగిన వివాదం, ఈనాడు సరిహద్దుకు ఇరువైపులా పడిన ఆలయ ఆస్తులపై సాగుతున్నది.