కత్‌బర్ట్ డ్యూక్స్

కత్‌బర్ట్ ఎస్క్వైర్ డ్యూక్స్ (జూలై 24, 1890 - ఫిబ్రవరి 3, 1977) ప్రముఖ ఆంగ్ల వైద్యుడు, రోగనిదాన శాస్త్రవేత్త. పురీషనాళ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆ వ్యాధి ఎవరిలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఎవరిలో తక్కువ అన్న విషయాన్ని అంచనా వేయడానికి ఈయన 1932లో ఎ, బి, సి అనే మూడు దశల విధానాన్ని రూపొందించాడు. ఇది డ్యూక్స్ వర్గీకరణ అనే పేరుతో ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధి పొందింది. ఇదే అంచనాను రక్తపరీక్షల ద్వారా మరింత కచ్చితంగా చేయడానికి తరువాతి కాలంలో విస్తృతమైన పరిశోధనలు జరిగాయి.

బాల్యం, విద్యాభ్యాసం

డ్యూక్స్ ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతానికి చెందిన బ్రిడ్జ్‌వాటర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఎడ్విన్ జాషువా డ్యూక్స్ క్రైస్తవ మతబోధకుడు. సోదరులలో ఆష్లీ డ్యూక్స్ నాటక రచయితగా, పాల్ డ్యూక్స్ రష్యా విప్లవకాలంలో పనిచేసిన బ్రిటిష్ గూఢచారిగా పేరు పొందారు. కత్‌బర్ట్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించి 1914లో పట్టభద్రుడైనాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా సేవలందించి ఓ.బి.ఇ. గౌరవం అందుకున్నాడు. యుద్ధానంతరం లండన్ యూనివర్సిటీ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం బోధించాడు.

సెయింట్ మార్క్స్ ఆసుపత్రి

పురీషనాళ వ్యాధుల చికిత్స కోసం ఫ్రెడరిక్ సాల్మన్ 1835లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి నెలకొల్పాడు. అదే తరువాత సెయింట్ మార్క్స్ ఆసుపత్రి అయింది. 1922లో డ్యూక్స్ ఈ ఆసుపత్రికి మొట్టమొదటి రోగనిదాన శాస్త్రవేత్తగా నియమితుడై, 1956లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశాడు.

అక్కడి శస్త్రవైద్యుడు జె.పి. లాకార్ట్-మమ్మెరీతో కలిసి ఈయన పేగు లోపలి పొర మీద మొలిచే పాలిప్‌లను పరిశీలించాడు. ఈ చిన్న పెరుగుదలలలో కొన్ని కాలక్రమంలో క్యాన్సర్‌గా మారుతాయని ఇరువురూ 1928లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. పాలిప్‌లను ముందుగానే గుర్తించి తొలగిస్తే పెద్దపేగు క్యాన్సర్‌ను నివారించవచ్చుననే నేటి వైద్య విధానానికి ఈ భావనే ఆధారం.

పేగులో వందలాది పాలిప్‌లు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి గల మూడు కుటుంబాల వివరాలను లాకార్ట్-మమ్మెరీ 1925లో ప్రచురించాడు. ఇటువంటి కుటుంబాల వివరాలను తరతరాలుగా నమోదు చేసే పట్టిక సెయింట్ మార్క్స్‌లో రూపుదిద్దుకున్నది. డ్యూక్స్‌తో పాటు, ప్రయోగశాల సహాయకుడిగా చేరిన హెచ్.జె.ఆర్. బస్సీ దీనిని దశాబ్దాల పాటు శ్రద్ధగా నిర్వహించాడు. ఈ వ్యాధికి కారణమైన ఎ.పి.సి. జన్యువును శాస్త్రవేత్తలు 1991లో గుర్తించారు.

డ్యూక్స్ వర్గీకరణ

1920వ దశకంలో అమెరికాకు చెందిన ఆల్బర్ట్ బ్రోడర్స్ క్యాన్సర్ కణాల ఆకృతిని బట్టి వ్యాధి తీవ్రతను నిర్ణయించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. డ్యూక్స్ మొదట ఆ పద్ధతినే పరీక్షించాడు. అయితే శస్త్రచికిత్సలో తొలగించిన పేగు భాగాలను విప్పి, శోషరస గ్రంథులను ఒక్కొక్కటిగా వెదికి పరిశీలించిన మీదట, కణితి ఎంత దూరం వ్యాపించినదన్న విషయమే రోగి భవిష్యత్తును తెలుసుకోవడానికి ఎక్కువగా తోడ్పడుతుందని గ్రహించాడు. 1932లో ఈయన ప్రకటించిన దశలు ఇవి:

- ఎ దశ: కణితి పురీషనాళం గోడకే పరిమితమై ఉండడం.
- బి దశ: కణితి గోడను దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి చేరినా, శోషరస గ్రంథులకు సోకకపోవడం.
- సి దశ: శోషరస గ్రంథులకు సైతం వ్యాధి సోకడం.

శస్త్రవైద్యుడు గాబ్రియేల్, బస్సీలతో కలిసి 1935లో సి దశను రెండుగా విభజించాడు. కణితికి దగ్గరలోని గ్రంథులకు మాత్రమే వ్యాధి సోకితే సి1. రక్తనాళాన్ని ముడివేసిన చోట ఉన్న గ్రంథుల వరకు సోకితే సి2.

దశలను నిర్ణయించడంతో డ్యూక్స్ పని ముగియలేదు. శస్త్రచికిత్స చేయించుకున్న రోగులు ఆ తరువాత ఎంతకాలం జీవించారో ఏళ్ళ తరబడి ఆరా తీసే పద్ధతిని ఆసుపత్రి పాటించింది. రెండు వేలకు పైగా రోగుల వివరాలతో డ్యూక్స్, బస్సీ 1958లో ఒక వ్యాసం ప్రచురించారు. ఇతర కారణాల వల్ల సంభవించిన మరణాలను లెక్కలో సవరించిన తరువాత, ఐదేళ్ళు జీవించినవారు ఎ దశలో సుమారు 98 శాతం, బి దశలో సుమారు 78 శాతం, సి దశలో 32 శాతం ఉన్నారు. శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ ఇచ్చే పద్ధతి ఇంకా రాని రోజులవి. కాబట్టి ఈ అంకెలు శస్త్రచికిత్స ఒక్కదాని ఫలితాన్ని తెలుపుతాయి.

తరువాతి మార్పులు

ఈ వర్గీకరణను పలువురు సవరించారు. 1954లో ఆస్లర్, కోలర్ అనే వైద్యులు బి1, బి2, సి1, సి2 అనే గుర్తులను వేరే అర్థాలలో వాడారు. అందువల్ల పాత వైద్య పత్రాలు చదివేటప్పుడు ఏ పద్ధతి అనుసరించారో చూసుకోవడం అవసరం. కాలేయం వంటి దూరపు అవయవాలకు వ్యాపించిన వ్యాధిని సూచించే డి దశ డ్యూక్స్ చేర్చినది కాదు. అది 1967లో టర్న్‌బుల్ ప్రతిపాదనతో వాడుకలోకి వచ్చింది. అనంతరం టి.ఎన్.ఎం. పద్ధతి ప్రామాణికమైంది. అందులోని ఒకటి, రెండు, మూడు దశలు స్థూలంగా డ్యూక్స్ ఎ, బి, సి దశలకు సమానం.

ఇతర రచనలు, చివరి జీవితం

డ్యూక్స్ 1924లో శస్త్రవైద్యుడు లిస్టర్ జీవితచరిత్రను, ఆ తరువాత ఆహార సూక్ష్మజీవశాస్త్రం, మూత్ర పరీక్షలకు సంబంధించిన గ్రంథాలను రచించాడు. మూత్రకోశ క్యాన్సర్ మీద కూడా పరిశోధనలు చేశాడు. ఈయన పదవీ విరమణ తరువాత సెయింట్ మార్క్స్‌లో బేసిల్ మోర్సన్ ఆ బాధ్యతలు స్వీకరించి, పాలిప్‌లకు, క్యాన్సర్‌కు గల సంబంధం మీద పరిశోధనలను కొనసాగించాడు. డ్యూక్స్ 1977 ఫిబ్రవరి 3న తన 86వ ఏట మరణించాడు.

రక్త సూచికలు

డ్యూక్స్ వర్గీకరణ ఒక సమూహానికి వర్తించే అంచనాను ఇస్తుంది. బి దశలో ఉన్న వంద మందిలో అధికసంఖ్యాకులు శస్త్రచికిత్సతోనే కోలుకుంటారని అది తెలుపుతుంది. వ్యాధి తిరగబెట్టే మిగిలినవారు ఎవరన్నది తెలుపలేదు. 1990 నుండి సి దశ పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్సానంతర కీమోథెరపీ ప్రామాణికం కావడంతో ఈ లోపం మరింత ముఖ్యమైంది. బి దశలో అందరికీ మందులు ఇస్తే, అవసరం లేని అనేకులు వాంతులు, తిమ్మిర్లు, రక్తకణాల తగ్గుదల వంటి బాధలకు లోనవుతారు. ఎవరికీ ఇవ్వకపోతే కొందరు ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉన్నది.

డ్యూక్స్ జీవితకాలంలోనే, 1965లో, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్ కణజాలంలో సి.ఇ.ఎ. అనే ప్రోటీనును గుర్తించారు. శస్త్రచికిత్సకు ముందు రక్తంలో ఇది ఎక్కువగా ఉంటే, కణితిని పూర్తిగా తొలగించిన నాలుగు నుండి ఆరు వారాలలో సాధారణ స్థాయికి రావాలి. ఆ తరువాత క్రమంగా పెరుగుతూ పోతే వ్యాధి తిరిగి వచ్చినదని అనుమానించి, స్కానింగ్ వంటి పరీక్షలు చేస్తారు. అయితే పొగ త్రాగేవారిలోను, కాలేయ వ్యాధులు ఉన్నవారిలోను సి.ఇ.ఎ. పెరగవచ్చు, కొన్ని కణితులు దీనిని ఉత్పత్తి చేయవు. కాబట్టి ఈ ఒక్క పరీక్ష మీదనే ఆధారపడరాదు.

కణితి కణాలు నశించినప్పుడు వాటి డి.ఎన్.ఎ. తునకలు రక్తంలోకి చేరుతాయి. ఇవి కొద్ది గంటలలోనే రక్తం నుండి తొలగిపోతాయి. కనుక శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాల తరువాత కూడా ఇవి కనిపిస్తే, కంటికి కానరాని వ్యాధి ఇంకా మిగిలి ఉన్నదని భావించవచ్చు. 2022లో ఫలితాలు వెలువడిన ఆస్ట్రేలియా వారి డైనమిక్ అధ్యయనంలో రెండవ దశ, అనగా డ్యూక్స్ బి దశ, పెద్దపేగు క్యాన్సర్ గల 455 మంది పాల్గొన్నారు. ఒక వర్గానికి ఈ రక్తపరీక్షను బట్టి, మరొక వర్గానికి మామూలు పద్ధతిలో చికిత్స నిర్ణయించారు. కీమోథెరపీ పొందినవారు మామూలు వర్గంలో 28 శాతం కాగా, రక్తపరీక్ష వర్గంలో 15 శాతం మాత్రమే. రెండేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా జీవించి ఉన్నవారు వరుసగా 92.4 శాతం, 93.5 శాతం. అంటే మందులు తగ్గినా ఫలితం తగ్గలేదు. పరీక్షలో డి.ఎన్.ఎ. కనబడనివారిలో కూడా కొందరికి వ్యాధి తిరిగి రావచ్చు. అందువల్ల క్రమం తప్పని వైద్య పరీక్షలు వారికి కూడా అవసరమే.

ఈ అధ్యయనంలో రోగుల ఎంపికకు ఆధారమైనది శోషరస గ్రంథుల పరిశీలనే. శస్త్రచికిత్సలో తొలగించిన పేగు భాగాన్ని, అందులోని గ్రంథులను సూక్ష్మదర్శినితో పరీక్షించి దశను నిర్ణయించిన తరువాతనే రక్త సూచికల ఫలితాన్ని వైద్యులు అన్వయిస్తారు.