దుర్గశిల్పి వోబాన్

పూర్వకాలమున ఎత్తైన ప్రాకారమే నగరమునకు రక్షగా నుండెను. ఫిరంగులు వచ్చిన పిదప ఆ యెత్తైన గోడలే శత్రువునకు సులభమైన గురి యయ్యెను. అట్టి కాలమున నగరరక్షణ విద్యకు మెరుగులు దిద్దిన మేధావి సెబాస్టియన్ వోబాన్.

అతడు 1633వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి బర్గండీ మండలమున ఒక పల్లెలో జన్మించెను. వంశము గౌరవనీయమే కాని సంపద స్వల్పము. 1651లో అతడు రాజుపై తిరుగబడిన కాండే ప్రభువు సేనలో చేరి, రెండేండ్లకు రాజసైనికులకు పట్టుబడెను. మంత్రియైన మజరీన్ అతని నేర్పును గుర్తించి రాజు కొలువునకు త్రిప్పుకొనెను. నాటినుండి వోబాన్ పదునాలుగవ లూయీ రాజును విశ్వాసముతో సేవించెను.

1667లో లీల్ నగరము ఫ్రెంచివారి వశమయ్యెను. అచట వోబాన్ అయిదు కోణములుగల నక్షత్రమువంటి కోటను కట్టించెను. దాని గోడలు పొట్టివి, దళసరివి. వాని చుట్టును అగడ్త గలదు. ముందునకు పొడుచుకొని వచ్చిన ఒక్కొక్క బురుజునుండి ప్రక్క బురుజు పాదమును కాపాడవచ్చును. కావున శత్రువు దాగుటకు మూల యొక్కటియు మిగులదు.

కోటలు కట్టుటయేగాక పట్టుకొనుటయు అతనికి తెలియును. సుమారు 50 ముట్టడులను అతడు నడపెను. సైనికులను గుంపుగా గోడలపైకి తరిమి చంపించుట అతనికి గిట్టదు. 1673లో మాస్ట్రిక్ట్ ముట్టడియందు కోటకు సమాంతరముగా వరుస కందకములు త్రవ్వించి, వాని చాటున సేనను క్రమముగా ముందునకు నడపించెను. మూడు వారములలోపలనే నగరము లొంగెను.

కోటల పనిమీద దేశమంతయు తిరుగుచు అతడు ప్రజల దారిద్ర్యమును కన్నులార చూచెను. పేద రైతు పన్నుల భారమున క్రుంగుచుండ, ప్రభువులు పెక్కు పన్నులనుండి తప్పించుకొనుచుండిరి. 1703లో మార్షల్ పదవి నందిన పిమ్మటను అతడు రైతును మరువలేదు. హెచ్చుతగ్గులు లేక ప్రతివాడును తన రాబడినిబట్టి పన్ను చెల్లింపవలెనని ఒక గ్రంథము వ్రాసి, రాజాజ్ఞ లేకయే 1707లో ముద్రింపించెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ యేడు మార్చి 30వ తేదీన వోబాన్ మరణించెను.

అతడు నిర్మించిన కట్టడములలో 12 స్థలములను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. రాజు అతని కోటలను మెచ్చెను. అతని హితవును మాత్రము పెడచెవిని పెట్టెను. 1789లో ప్రజలు తిరుగబడినప్పుడు, పన్నులలోని ఆ యన్యాయమే వారి ఆగ్రహమునకు ఒక ముఖ్యకారణ మయ్యెను. సరిహద్దులందలి కోట లేవియు ఆ రాజవంశమును కాపాడలేకపోయెను.