రెక్కల రహస్యం

కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతానికి చేరువలో ఉన్న పట్టణం రేపల్లె. దానికి దక్షిణంగా నిజాంపట్నం రేవు ఉన్నది. శీతకాలంలో ఉత్తరదేశాల నుండి వలస వచ్చే సీగల్ పక్షులు ఈ తీరంలో కనిపిస్తాయి. అవి అలలపై గాలిలో తేలియాడుతుంటే చూచేవారికి కన్నులపండువుగా ఉంటుంది. కాని వాటిలో ఒక పక్షినే ఎన్నుకొని, దాని రెక్క పైకి లేచి క్రిందికి దిగేలోగా ఏయే భంగిమలు పొందుతున్నదో గమనించబోతే, తెల్లని కదలిక తప్ప మరేమీ కంటికి చిక్కదు. నేడు అరచేతిలో ఇమిడే కెమెరా ఆ క్షణాన్ని సులభంగా పట్టి ఇస్తున్నది. అటువంటి సాధనాలేవీ లేని కాలంలో, ఆ క్షణాన్ని పట్టుకోవడానికి తన జీవితంలో అధికభాగం వెచ్చించిన శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే.

మారే 1830 మార్చి 5వ తేదీన ఫ్రాన్సు దేశంలోని బోన్ పట్టణంలో జన్మించాడు. యంత్రాల మీద అతనికి మక్కువ ఎక్కువ. ఇంజనీరు కావాలని ఆశించినా, తండ్రి కోరికను మన్నించి 1849లో వైద్యవిద్యకై పారిస్ నగరం చేరాడు. అయితే అతనిలోని యంత్రశిల్పి నిద్రపోలేదు. 1860లో నాడి కొట్టుకొనే తీరును గీతగా గీసి చూపే పరికరాన్ని రూపొందించాడు. జీవించడమంటే కదలడమేననీ, కదలికను కొలవగలిగితే జీవరహస్యం కొంతైనా తెలుస్తుందనీ అతని విశ్వాసం. 1869లో పారిస్‌లోని ప్రసిద్ధ విద్యాసంస్థ కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడయ్యాడు.

అటుపిమ్మట అతని దృష్టి పక్షుల మీదికి మళ్ళింది. పావురాల వంటి పక్షుల శరీరానికి సున్నితమైన పరికరాలను బిగించి, వాటిని గొట్టాలతోను తీగలతోను గీతలు గీసే యంత్రానికి కలిపి, రెక్కల కదలికను నమోదు చేశాడు. 1873లో ప్రకటించిన జంతుయంత్రం అనే గ్రంథంలో ఆ ఫలితాలను వివరించాడు. కాని ఆ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. బరువు మోస్తూ, బంధనంలో ఎగిరే పక్షి స్వేచ్ఛగా ఎగిరే పక్షితో సమానం కాదు. తెలుసుకోవాలనే ప్రయత్నమే తెలుసుకోదగిన విషయాన్ని మార్చివేస్తున్నది. పక్షిని తాకకుండా దాని గమనాన్ని గ్రహించడం ఎట్లా అన్నదే మారే ముందు నిలిచిన ప్రశ్న.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు వరుసగా అమర్చిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని చిత్రించాడు. ఆ చిత్రాలు మారేకు దారి చూపాయి. అయితే గుర్రం నిర్ణీతమైన బాటలో పరుగెత్తుతుంది. ఆకాశంలో పక్షికి బాట లేదు. కనుక పక్షి ఎటు పోతే అటు తిరిగే సాధనం కావాలి. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోయింది. ఆ వింతను విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన వేధశాల నుండి పరిశీలించాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ దానిని వరుస చిత్రాలుగా తీయడానికి తిరిగే పలకగల కెమెరాను ఉపయోగించాడు. మారే ఆ సూత్రాన్నే గ్రహించి, 1882లో ఛాయాచిత్ర తుపాకిని నిర్మించాడు.

చూడడానికి అది వేటగాని తుపాకివలెనే ఉండేది. గొట్టంలో గుండుకు బదులు కటకం, వెనుక గుండ్రని గాజు పలక ఉండేవి. మీట నొక్కగానే పలక ఆగి ఆగి తిరుగుతూ ఒక్క సెకనులో 12 చిత్రాలను గ్రహించేది. ఒక్కొక్క చిత్రానికి పట్టే కాలం సెకనులో 720వ వంతు మాత్రమే. ఇటలీలోని నేపుల్స్ సమీపాన, పొసిలిపో సముద్రతీరంలో మారే ఈ తుపాకిని సీగల్ పక్షులకు గురిపెట్టాడు. శబ్దం వినిపించదు, పక్షి నేలకు ఒరగదు. ఈ వేటను చూచిన స్థానికులు అతనిని పిచ్చివానిగా భావించారని చెబుతారు. ఆ వేటలో పక్షికి ప్రాణభయం లేదు, వేటగానికి మాత్రం జ్ఞానం లభించింది.

అయితే ఆకాశం ముందు నల్లని నీడలుగా పడిన ఆ చిన్న చిత్రాలతో మారే తృప్తి చెందలేదు. అదే సంవత్సరం పారిస్ అంచున పరిశోధనకేంద్రాన్ని నెలకొల్పి, నల్లని తెర ముందు తెల్లని పక్షులను ఎగురనిచ్చి, ఒకే పలకపై వరుస భంగిమలు పడేటట్లు చేశాడు. రెక్క కేవలం పైకి, క్రిందికి ఆడదనీ, దిగేటప్పుడు ముందుకు సాగుతుందనీ ఆ చిత్రాలు స్పష్టంగా చూపాయి. 1887లో సీగల్ గమనాన్ని కంచుశిల్పంగా కూడ రూపొందించాడు. 1890లో పక్షుల గమనంపై గ్రంథం వెలువరించాడు.

1888 నుండి అతడు గాజు పలకకు బదులు పొడవైన చుట్టను వాడాడు. చలనచిత్రానికి అది ముఖ్యమైన మెట్టు. దానిని వ్యాపారంగా మలచాలని సహాయకుడు దెమెనీ కోరగా, మారే అంగీకరించలేదు. 1894లో వారిద్దరూ విడిపోయారు. మరుసటి సంవత్సరం లూమియేర్ సోదరులు చలనచిత్రాన్ని ప్రజల ముందు ప్రదర్శించి విఖ్యాతులయ్యారు. కంటికి కనిపించేదాన్నే మళ్ళీ చూపడం మారే లక్ష్యం కాదు. కంటికి కనిపించనిదాన్ని చూపడమే అతని లక్ష్యం.

అతని కృషి వృథా కాలేదు. గ్లైడరుపై ఎగిరిన జర్మనీ వాసి లిలియెంతాల్ 1896లో ప్రమాదంలో మరణించాడు. ఆ వార్త విన్న విల్బర్ రైట్ తన ఇంటిలోనే ఉన్న మారే గ్రంథాన్ని మళ్ళీ చేతికి తీసుకున్నాడు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం గాలిలోకి లేచింది. అది జరిగిన ఐదు మాసాలకు, 1904 మే 15న, మారే పారిస్‌లో కన్నుమూశాడు.

పక్షిని బంధించి పరిశీలించినవాడే, ఆ పద్ధతిలోని లోపాన్ని గుర్తించి, దానిని స్వేచ్ఛగా వదలి పరిశీలించడం నేర్చుకున్నాడు. తన పద్ధతిని తానే ప్రశ్నించుకోగల ఈ నిజాయితీయే మారేను గొప్ప శాస్త్రవేత్తగా నిలిపింది.