బల్లెం బరువు తెలిసిన పెద్ద - ఒగింగా ఒడింగా

మన మెస్ కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా, వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని సరదాగా అనుకుంటాం. జీవితమంతా ఈ మాటకు ఎదురు నడిచిన ఒక నాయకుణ్ణి ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులకు పరిచయం చేస్తున్నాం. ఆయనే కెన్యా దేశానికి చెందిన ఒగింగా ఒడింగా.

ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు పరిసరాల్లో లువో ప్రజలు నివసిస్తారు. పశుపోషణ, చేపలవేట, వ్యవసాయం వారి జీవనాధారం. బల్లెం, డాలు, వింజామర వారిలో పెద్దరికానికి గుర్తులు. వంశపెద్ద చేతిలోని బల్లెం అంటే తనవారిని కాపాడతాననే పూచీ. పెద్దలు కన్నుమూస్తే మగవారు బల్లేలు, డాళ్ళు పట్టి, పశువులను తోలుకుంటూ మృత్యువును తరిమివేసే 'తేరో బురు' అనే తంతు కూడా వారికి ఉంది.

ఒడింగా 1911 ప్రాంతంలో బోండోలో జన్మించారు. మసేనో, అలయన్స్ పాఠశాలల్లో, మకెరెరే కళాశాలలో చదివి ఉపాధ్యాయులయ్యారు. తనవారు వ్యాపారంలో నిలదొక్కుకోవాలని 1947లో లువో పొదుపు, వర్తక సంస్థను స్థాపించారు. ఆ తరువాత లువో సంఘం ఆయనను 'కేర్'గా, అంటే పెద్దగా ఎన్నుకుంది. మూలపురుషుడైన రమోగి పేరు మీద ఆయన 'జారమోగి' అయ్యారు. కేర్ అయినవారు రాజకీయాల్లో ఉండరాదన్నది కట్టుబాటు. అందుకే 1957లో శాసనమండలికి ఎన్నికైనప్పుడు ఆ గౌరవాన్ని వదులుకున్నారు.

అప్పటికి కికుయు జాతికి చెందిన జోమో కెన్యాట్టా బ్రిటిషువారి జైలులో ఉన్నారు. ఆయన పేరెత్తడానికే చాలామంది జంకుతున్న 1958లో, మా అసలు నాయకుడు ఆయనేనని ఒడింగా శాసనమండలిలోనే ప్రకటించారు. తన జాతివాడు కాకపోయినా, తానే ముందు నిలవగల అవకాశం ఉన్నా వెనుకాడలేదు. 1961 ఎన్నికల్లో గెలిచిన వారి కాను పార్టీ, కెన్యాట్టాను విడిచేదాకా ప్రభుత్వం ఏర్పాటు చేయబోమని నిలబడింది.

1963లో స్వాతంత్ర్యం వచ్చింది. 1964లో ఒడింగా ఉపాధ్యక్షులయ్యారు. అయితే భూమి లేని పేదలకు భూమి దక్కాలన్న విషయంలో కెన్యాట్టాతోనే విభేదించి, 1966లో పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షం స్థాపించారు. 1969లో కిసుములో ఆసుపత్రి ప్రారంభోత్సవం గొడవగా మారి, కాల్పుల్లో ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. ఆయన పార్టీని నిషేధించి, ఆయనను నిర్బంధించారు. ఎవరి విడుదల కోసం పోరాడారో ఆ ప్రభుత్వమే ఆయనను 1971 వరకు బంధించింది. అయినా వృద్ధాప్యంలో, 1991లో, బహుళ పార్టీల ప్రజాస్వామ్యం కోసం మళ్ళీ ముందు నిలిచారు. 1994 జనవరి 20న కన్నుమూశారు.

ఒడింగా దేశాధ్యక్షులు కాలేదు. ఆయన అన్ని నిర్ణయాలూ సరైనవని మేము అనడం లేదు. కానీ పెద్దరికం తన కంచం నింపుకోవడానికి కాదని ఆయన నడిచి చూపారు. మిత్రులారా! రేపు మనలో ఎవరి చేతికి గరిటె వచ్చినా, ముందుగా కడపంక్తి వైపు చూద్దాం.