యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. రక్తం, మూత్రం, కండరాలు మొదలైన వాటిలోని భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి రూపొందించాడు. ఆ పద్ధతి సాయంతోనే ఫాస్ఫోక్రియాటిన్‌ను, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను (ఏటీపీ) గుర్తించిన తొలి పరిశోధకులలో ఒకడయ్యాడు. తెలుగువారికి ఈయన ఔషధాల ఆవిష్కర్తగానే ఎక్కువ పరిచితుడు. కాని వాటన్నిటికంటె ముందు ఈయన వైద్యలోకానికి అందించినది ఒక కొలమానం.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. చిన్ననాటనే తండ్రి మరణించడంతో కుటుంబం ఇక్కట్ల పాలయింది. రాజమండ్రిలో చదువు ఒడుదొడుకులతో సాగింది. చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి చదువుకు ధనసహాయం చేసారు. తరువాత సూర్యనారాయణ మూర్తి కుమార్తె శేషగిరిని వివాహమాడాడు.

గాంధీ పిలుపునందుకొని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరవడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. అందువలన సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో రోజుల వ్యవధిలో మరణించారు. ఆహారం వంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్రమంగా కృశించే ఆ వ్యాధి సుబ్బారావుకు కూడ సోకగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆ తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

హార్వర్డ్‌లో

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు అందించిన సహాయంతో 1920ల ఆరంభంలో అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివాడు. పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేసాడు. పిదప హార్వర్డ్ జీవరసాయన విభాగంలో ఫిస్క్ వద్ద చేరాడు. రక్తంలోని పదార్థాలను రంగు సాయంతో కొలిచే పద్ధతులకు పేరెన్నికగన్న ఒట్టో ఫోలిన్ ఆ విభాగానికి అధిపతి.

ఫిస్క్-సుబ్బారావు పద్ధతి

మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో భాస్వరం పెరుగుతుంది. రికెట్స్‌లో సాధారణంగా తగ్గుతుంది. కావున దానిని కచ్చితంగా కొలవడం వ్యాధి నిర్ధారణకు అవసరం. 1920లో బెల్, డాయిసీ ప్రకటించిన పద్ధతిలో ఏర్పడే రంగు నిలకడగా ఉండేది కాదు. ఈ లోపాన్ని సరిదిద్దిన ఫిస్క్, సుబ్బారావుల పద్ధతి 1925లో ప్రచురితమైంది.

ఈ పద్ధతిలో ముందుగా ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపి సీరంలోని మాంసకృత్తులను అవక్షేపంగా వేరుచేస్తారు. వడపోసిన ద్రవానికి ఆమ్ల మాధ్యమంలో అమ్మోనియం మాలిబ్డేట్ చేర్చగా, అది ఫాస్ఫేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్‌గా మారుతుంది. దీనిని అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే కొద్ది నిమిషాలలోనే నీలిరంగు ఏర్పడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత గాఢమౌతుంది. పరిమాణం ముందే తెలిసిన ద్రావణపు రంగుతో దీనిని పోల్చి ఫలితాన్ని లెక్కిస్తారు. ఆరోగ్యవంతులైన పెద్దలలో 100 మిల్లీలీటర్ల సీరంలో సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది. ఎర్ర రక్తకణాలు చిట్లితే వాటిలోని ఫాస్ఫేట్ సీరంలో కలిసి తప్పుడు ఫలితం వస్తుంది. అందుచేత రక్తం తీసిన పిదప సీరంను త్వరగా వేరుచేయాలి.

ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

ఈ పద్ధతిని కండరాల నుండి తీసిన ద్రవానికి వర్తింపజేసినప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమంగా పెరుగుతూ పోయింది. దీనిని పద్ధతిలోని దోషంగా కొట్టివేయడానికి అవకాశమున్నది. కాని వారు కారణాన్ని వెదికారు. కండరంలోని భాస్వరంలో కొంత భాగం క్రియాటిన్‌తో బంధించబడి ఉన్నదని, పరీక్షలో వాడే ఆమ్లంలో ఆ బంధం మెల్లగా విడిపోతున్నదని తేలింది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్ (1927). ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడ దాదాపు అదే సమయంలో స్వతంత్రంగా దీనిని గుర్తించారు. కండరం పనిచేసినప్పుడు ఈ పదార్థం తగ్గి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. లాక్టిక్ ఆమ్లమే కండర సంకోచానికి కారణమని అప్పటివరకు నెలకొన్న అభిప్రాయం దీనితో సడలింది. 1929లో ఫిస్క్, సుబ్బారావులు ఏటీపీని కూడ ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దీనిని కనుగొన్నాడు. జీవకణాలన్నిటిలోను శక్తిని చేరవేసేది ఏటీపీయే.

సుబ్బారావు 1930లో పిహెచ్.డి. పొందినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి లభించలేదు. ఈయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయ వలన వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత తిరిగి కనుగొనవలసి వచ్చిందని అక్కడి సహాధ్యాయి జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో అభిప్రాయపడ్డాడు. హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త.

లెడర్లీలో

1940లో న్యూయార్క్ రాష్ట్రం, పెర్ల్ రివర్ లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఈయన నేతృత్వంలోని బృందం 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఉపయోగపడింది. దాని నిర్మాణాన్ని కొద్దిగా మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లలలో వచ్చే రక్తక్యాన్సరుకు చికిత్స చేసి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించినట్లు 1948లో ప్రకటించాడు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజిన్ (1947), బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ (1948) కూడ ఈ ప్రయోగశాల నుండి వెలువడినవే. గోదావరి జిల్లాలలో బోదకాలు నిర్మూలనకు ప్రభుత్వం పంచిన డి.ఇ.సి. మాత్రలలోని మందు ఈ డైఇథైల్ కార్బమజినే.

మరణం, గుర్తింపు

1948 ఆగష్టులో తన 53వ ఏట, పెర్ల్ రివర్‌లోని ఇంటిలో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అమెరికా వెళ్ళిన తరువాత స్వదేశానికి తిరిగి రాలేదు. భార్యను మరల చూడలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

1925 నాటి వ్యాసం శాస్త్ర సాహిత్యంలో మిక్కిలిగా ఉదహరింపబడిన వాటిలో ఒకటి. 1959లో బార్ట్‌లెట్ ప్రకటించిన భాస్వర పరీక్ష కూడ ఈ కారకాన్నే ఉపయోగించుకున్నది. నేటి స్వయంచాలక యంత్రాలలో చాలావరకు నీలిరంగు అవసరం లేకుండా, ఫాస్ఫోమాలిబ్డేట్‌ను నేరుగా 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో కొలుస్తాయి. అయినా భాస్వరాన్ని మాలిబ్డేట్‌తో పట్టుకొనే మొదటి మెట్టు మారలేదు. వైద్య కళాశాలల ప్రయోగ పాఠాలలో విద్యార్థులు నేర్చే ఆ నీలిరంగు పరీక్షకు ఫిస్క్‌తో పాటు సుబ్బారావు పేరే నిలిచి ఉన్నది.